డిగ్రీ లేకుండా ఇంటి నుంచి ఉపాధి

‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అన్న మాట తెలుగు ఇళ్ళలో 2020 లాక్‌డౌన్‌తో బాగా వినిపించడం మొదలైంది. పని మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఉంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చొని లేసు అల్లారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్ళలో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టారు. వాళ్ళను డిగ్రీ ఎవరూ అడగలేదు, ఆఫీసుకు రమ్మనీ పిలవలేదు. పిల్లల్ని చూసుకుంటూ, వంట మధ్యలో లేస్తూ, వీలు దొరికినప్పుడల్లా చేశారు. నేటి ప్రకటనల్లో కనిపించే సౌలభ్యాలన్నీ ఆ పనుల్లోనూ ఉన్నాయి, ఒక్క మంచి ఆదాయం తప్ప.

అందుకే ఈ రంగాన్ని పరిశీలించేటప్పుడు ‘డిగ్రీ లేకుండా ఏ పనులు దొరుకుతాయి’ అన్న ప్రశ్నతో ఆగితే సరిపోదు. దొరికే పనులు చాలానే ఉన్నాయి. ఆ పనికి ధర ఎవరు కడుతున్నారు, కొనేవారికీ చేసేవారికీ మధ్య ఎంతమంది ఉన్నారు, నచ్చలేదని తిప్పికొడితే నష్టం ఎవరిది అన్నవి తేలితేనే అది బతుకుతెరువో కాదో తెలుస్తుంది. లేసు నుంచి కృత్రిమ మేధ దాకా ఈ లెక్క పెద్దగా మారలేదు.

లేసు, బీడీ: పాత పాఠాలు

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. సన్నని కొక్కెం సూదితో నూలుదారాన్ని పువ్వులుగా అల్లడం, ఆ పువ్వులను కలిపి టేబుల్ గుడ్డలు, దుప్పట్లు, దుస్తులుగా మార్చడం ఈ పని. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, అల్లిన ముక్కలు తీసుకెళతాడు. పువ్వులు ఒకరు అల్లితే వాటిని కలిపే అతుకుపని మరొకరిది. తయారైన సరుకు ఎగుమతిదారు చేతికి వెళ్ళి, అక్కడి నుంచి ఐరోపా, అమెరికా బజార్లకు చేరుతుంది. మొదటి పువ్వు అల్లిన మనిషికి ఆఖరి గుడ్డ ఎలా ఉంటుందో, ఎంతకు అమ్ముడవుతుందో తెలిసే దారి లేదు.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఊళ్ళను అధ్యయనం చేసి 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం వెలువరించారు. గృహ శ్రమపై ప్రపంచమంతటా ఇప్పటికీ ప్రస్తావించే పుస్తకాల్లో అది ఒకటి. ఇంటి చాకిరీ పూర్తి చేసుకొని, రోజూ గంటల తరబడి అల్లే స్త్రీలను వ్యాపారులు కార్మికులుగా లెక్కించలేదు. ‘ఇల్లాళ్ళు తీరిక వేళల్లో చేసుకునే పని’ అన్నారు, కుటుంబాలూ ఔనన్నాయి. తీరిక పని అన్నాక దానికి కనీస వేతనం అడిగేదెవరు? కూలి తక్కువగా ఉండిపోవడానికి ఈ చూపు ఎంత ఉపయోగపడిందో మీస్ వివరంగా చూపారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు దక్కిన ఆ రక్షణ అల్లిన చేతుల కూలిలోకి ఎంతవరకు వస్తుందన్నది కొనుగోలుదారుతో నేరుగా మాట్లాడే సంఘాలు ఎంత బలపడతాయన్న దానిమీద ఉంది.

బీడీల కథ మరో దారిలో నడిచింది. కంపెనీ తునికాకు, తంబాకు, దారం ఇస్తుంది. కార్మికురాలు ఆకు కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి అప్పగిస్తుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. వెయ్యి చుట్టాలంటే చేయి తిరిగిన మనిషికి కూడా దాదాపు రోజంతా పడుతుంది. తంబాకు ధూళితో దగ్గు, వంగి కూర్చోవడంతో నడుము నొప్పి వెంటాడతాయి. తనిఖీలో బాగాలేవని పక్కన పెట్టిన కట్టలకు డబ్బు రాదు. అయినా ఇంటి నుంచి పనిచేసేవారిలో బీడీ కార్మికులను చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చొని చుట్టేవారినీ తన పరిధిలోకి తెచ్చింది. వారికి భవిష్యనిధి (పీఎఫ్) వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పీఎఫ్ ఉన్న బీడీ కార్మికురాలికీ లేని ఆమెకూ మధ్య తేడా ఎంతో అక్కడివారికి బాగా తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి బీడీ కార్మికులకు పింఛను ఇస్తోంది. 2019లో దాన్ని నెలకు 2,016 రూపాయలు చేసింది.

ఇంటి పని ఎప్పుడూ చవక పనే కానక్కరలేదని చూపిన ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. 1962లో స్టెఫనీ షర్లీ 6 పౌండ్ల పెట్టుబడితో ‘ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్’ అనే సంస్థను తన ఇంట్లోనే ప్రారంభించారు. పిల్లలు పుట్టాక ఉద్యోగాలు వదలవలసి వచ్చిన స్త్రీలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పని ఇచ్చారు. వాళ్ళు కాగితం మీద పెన్సిలుతో రాసి, టపాలో పంపేవారు. మొదటి 300 మందిలో 297 మంది స్త్రీలే. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్సుకు సంబంధించిన ప్రోగ్రాం కూడా ఈ ఇళ్ళలోనే తయారైంది. షర్లీ పనిని నిర్ణీత ధరకు ఒప్పుకునేవారు. ఎన్ని గంటలు, ఎక్కడ కూర్చొని చేశారన్నది కొనేవారికి సంబంధం లేని విషయం. నరసాపురంలోనూ చేసింది ఇంట్లో ఉన్న స్త్రీలే, నైపుణ్యానికీ లోటు లేదు. ధర మాట్లాడే మనిషి ఎవరి పక్షాన ఉన్నారన్న దగ్గరే రెండు కథలూ విడిపోయాయి.

ఇంట్లోకి వచ్చిన కాల్ సెంటర్

భారత్‌లో కాల్ సెంటర్ ఉద్యోగం ఇంట్లోకి రావడానికి చాలాకాలం సాంకేతికత కంటే నిబంధనలే అడ్డుపడ్డాయి. ఇలాంటి సంస్థలు అప్పట్లో టెలికాం శాఖ దగ్గర నమోదు చేసుకోవలసి వచ్చేది. ఉద్యోగి ఇంటి నుంచి పనిచేయాలంటే భారీ పూచీకత్తులు, షరతులు ఉండేవి. కరోనా కాలంలో తాత్కాలిక సడలింపులు ఇచ్చిన ప్రభుత్వం 2020 నవంబరులో నిబంధనలనే మార్చింది. 2021 జూన్‌లో మరింత సరళం చేసింది.

2020 జూన్‌లో అమెజాన్ ఇండియా హైదరాబాద్ సహా 11 నగరాల్లో దాదాపు 20,000 తాత్కాలిక కస్టమర్ సర్వీస్ ఉద్యోగాలు ప్రకటించింది. చాలావరకు ఇంటి నుంచి చేసేవే. కనీస అర్హత 12వ తరగతి. ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు, కన్నడం వంటి భాషల్లో పట్టు ఉండాలన్నారు. తెలుగులో ఓపికగా మాట్లాడగలగడం ఒక అర్హతగా ఉద్యోగ ప్రకటనలోకి ఎక్కడం చిన్న విషయం కాదు. వస్తువు రాలేదని కోపంగా ఫోన్ చేసే కడప రైతుకు ఆయన మాటలోనే సమాధానం చెప్పగల మనిషి కంపెనీకి అవసరమయ్యారు.

అయితే ఇంటి నుంచి చేసే పనీ, వేళలు మన చేతిలో ఉండే పనీ ఒకటి కాదు. కస్టమర్ సర్వీసులో లాగిన్ సమయం, విరామం, ఒక్కో కాల్‌కు పట్టిన నిమిషాలు అన్నీ నమోదవుతాయి. షిఫ్టులు మారుతుంటాయి, రాత్రి వేళలూ వస్తాయి. తలుపు వేసుకోగల నిశ్శబ్దమైన గది, కరెంటు పోయినా ఆగని ఇంటర్నెట్ ఉండాలి. రెండు గదుల ఇంట్లో చంటిబిడ్డతో ఉన్నవారికి బీడీల పనిలో ఉన్నపాటి వెసులుబాటు కూడా ఇందులో దొరకదు. దానికి బదులు నెల జీతం, సక్రమంగా చేర్చుకుంటే పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. చేరేముందు ఇవి ఉన్నాయో లేవో అడగడం అవసరం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ మార్గాన్ని విధానంగానే చేపట్టింది. 2024లో తెచ్చిన ఐటీ విధానంలో చిన్న పట్టణాల్లో, మండలాల్లో ఉమ్మడి కార్యాలయ స్థలాలకు ప్రోత్సాహకాలు పెట్టింది. మహిళలకు ఇంటి నుంచి పని అవకాశాలు పెద్ద ఎత్తున తెస్తామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు. ఇంట్లో గది లేని వారికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక బల్ల, కుర్చీ, ఇంటర్నెట్ దొరకడం చాలా విలువైన విషయం. ఈ ఆలోచనకు తగినంత ఖర్చు పెట్టడం అవసరం.

డిగ్రీ లేని వారిని నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకునే దారులూ ఉన్నాయి. జోహో సంస్థ 2005 నుంచి ప్లస్ టూ, డిప్లొమా చదివినవారికి స్టైపెండ్ ఇచ్చి శిక్షణ ఇస్తోంది. తమిళనాడులోని తెన్‌కాశీలోనూ, మన రేణిగుంటలోనూ ఆ సంస్థకు కార్యాలయాలున్నాయి. హెచ్‌సీఎల్ టెక్‌బీ కార్యక్రమం ఇంటర్ పూర్తిచేసినవారిని తీసుకుంటుంది. ఇవి మొదటిరోజు నుంచే ఇంటి ఉద్యోగాలు కావు. ఒకట్రెండేళ్ళు నలుగురి మధ్య కూర్చొని పని నేర్చుకున్నవారికి తర్వాత ఇంటి నుంచి పని ఇప్పించుకునే బలం వస్తుంది. కొత్తగా చేరినవారు మొదటి రోజు నుంచే ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే, పక్క కుర్చీ వారిని చూసి నేర్చుకునేదంతా కోల్పోతారు.

ప్లాట్‌ఫాంలు, వాటి వాటాలు

ఇంటర్నెట్‌లో పని ఇచ్చేవారినీ చేసేవారినీ కలిపే వేదికలు గత పాతికేళ్ళలో ఎదిగాయి. 1999లో మొదలైన ఈలాన్స్, 2003లో వచ్చిన ఓడెస్క్ కలిసిపోయి 2015లో అప్‌వర్క్‌గా పేరు మార్చుకున్నాయి. 2010లో ఇజ్రాయెల్‌లో ఫైవర్ పుట్టింది. వీటిలో ఎవరూ సర్టిఫికెట్ చూపమనరు. చేసిన పనుల నమూనాలు, పాత ఖాతాదారులు ఇచ్చిన రేటింగులు చూస్తారు. లోగో గీయడం, వీడియో ఎడిటింగ్, వెబ్‌సైట్ తయారీ, ఆడియో విని టైపు చేయడం, లెక్కలు రాయడం వంటివి ఇక్కడ ఎక్కువగా అమ్ముడవుతాయి.

మధ్యవర్తి వాటా ఇక్కడ కనీసం పైకి కనిపిస్తుంది. ఫైవర్ ప్రతి బిల్లులో 20 శాతం తీసుకుంటుంది. 100 డాలర్ల పనికి చేతికి వచ్చేది 80, అందులోంచి డబ్బు మార్పిడి, బదిలీ ఖర్చులు పోవాలి. కొత్తవారికి మొదటి రేటింగ్ దొరకడమే అన్నిటికన్నా కష్టం. దానికోసం చాలామంది అతి తక్కువ ధరకు ఒప్పుకుంటారు, తర్వాత ఆ ధర నుంచి పైకి రావడానికి తంటాలు పడతారు. నిలదొక్కుకున్నవారిని గమనిస్తే ఒక పోలిక కనిపిస్తుంది: వాళ్ళు ‘ఏ పనైనా చేస్తాను’ అనరు. దంతవైద్యుల క్లినిక్కులకు మాత్రమే వెబ్‌సైట్లు చేస్తారు, లేదా పాడ్‌కాస్ట్‌లు మాత్రమే ఎడిట్ చేస్తారు. కొనేవాడికి వెతుకులాట తగ్గుతుంది, చేసేవాడికి బేరం బలపడుతుంది.

చిన్న ముక్కల పనిది వేరే లోకం. అమెజాన్ 2005లో ప్రారంభించిన మెకానికల్ టర్క్‌లో ఫొటోలో ఏముందో గుర్తించడం, రసీదులోని అంకెలు ఎక్కించడం లాంటివి పైసల లెక్కన ఉంటాయి. అమెరికా తర్వాత ఇక్కడ ఎక్కువగా పనిచేసింది భారతీయులే. కృత్రిమ మేధ చరిత్రను మలుపు తిప్పిన ఇమేజ్‌నెట్ చిత్రాల భాండాగారాన్ని 2008–2010 మధ్య 167 దేశాలకు చెందిన దాదాపు 49,000 మంది ఈ వేదిక ద్వారా వర్గీకరించారు. పని ఇచ్చినవారు నచ్చలేదని తిరస్కరిస్తే కూలి రాదు. చేసిన వర్గీకరణ మాత్రం వారి దగ్గరే ఉంటుంది. బీడీ తనిఖీలో పక్కన పెట్టిన కట్టల సంగతి తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఇదే రంగంలో వేరే దారి పట్టిన సంస్థ బెంగళూరులోని కార్య. భారతీయ భాషల మాటలను ఫోనులో చదివి రికార్డు చేయడం, రాతను సరిచూడడం వంటి పనులను ఇది గ్రామీణులకు ఇస్తుంది. గంటకు కనీసం 5 డాలర్లు చెల్లించడం, ఆ డేటాను మళ్ళీ అమ్మితే వచ్చినదాంట్లోనూ పనిచేసినవారికి వాటా ఇవ్వడం దాని పద్ధతి. ఇది శాశ్వత ఉద్యోగం కాదు. ప్రాజెక్టు ఉన్నంతకాలమే, వంతులవారీగా అవకాశం. కానీ అదే పనికి అంత ధర కట్టడం సాధ్యమేనని రుజువైంది. తెలుగుతో సహా భారతీయ భాషలకు మాట, అనువాద సాంకేతికత కోసం కేంద్రం 2022లో భాషిణి ప్రారంభించింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ దేశమంతటా గొంతుల నమూనాలు సేకరించింది. శ్రీకాకుళం యాస, ఆదిలాబాద్ యాస స్వచ్ఛంగా మాట్లాడేవారికి ఆ యాసే అర్హతయ్యే పని ఇంతకుముందు అరుదు.

తెలుగే పెట్టుబడి

తెలుగు అచ్చు రంగంలో ఇంటి పని ఎప్పటినుంచో ఉంది. విజయవాడ, హైదరాబాద్ ప్రచురణకర్తలకు పుస్తకాలు టైపు చేసి పెట్టే డీటీపీ ఆపరేటర్లు చాలామంది ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకొని, పేజీ లెక్కన పనిచేస్తారు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో దశాబ్దాలు నడిచిన ఈ పని ఇప్పుడు యూనికోడ్‌కు మారుతోంది. పాత ఫైళ్ళను మార్చినప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి, అక్షరాలు తారుమారవుతాయి. వాటిని సరిచేయడానికి యంత్రం చాలదు, భాష తెలిసిన కన్ను కావాలి. ప్రూఫ్‌రీడింగు తెలుగులో ఎంత చిన్నచూపుకు గురైందో, దానికి ఎంత తక్కువ ఇచ్చారో పుస్తకాలు చదివేవారందరికీ పేజీపేజీలో కనిపిస్తూనే ఉంది. మంచి ప్రూఫ్‌రీడర్‌కు సరైన ధర ఇవ్వడం తెలుగు ప్రచురణ రంగం ఇంకా నేర్చుకోవలసిన పని.

ఉపశీర్షికలు, డబ్బింగ్ మాటలు, ఆడియో కథల గొంతు కొత్తగా పెరిగిన అవసరాలు. కుకు ఎఫ్ఎం, ప్రతిలిపి వంటి వేదికలు తెలుగులోనూ కథలు అందిస్తున్నాయి. గొంతుతో పనిచేసేవారికి ప్రారంభ పెట్టుబడి ఓ మాదిరి మైకు, ప్రతిధ్వని లేని గది. యంత్ర స్వరాలు వేగంగా మెరుగుపడుతున్నాయి. సాదాసీదా చదువుడుకు గిరాకీ తగ్గుతుంది. నటన, యాస, హాస్యం పలికించగలవారికి ఉంటుంది. వార్తా ప్రకటనలు చదివే పని నేర్చుకొని ఆగిపోవద్దని కొత్తవారికి చెప్పవలసిన కాలం ఇది.

వీటన్నిటికన్నా మెరుగైన ఆదాయం చాలామందికి పాఠాలు చెప్పడంలో దొరికింది. అమెరికాలో, బ్రిటన్‌లో, గల్ఫ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లలకు కర్ణాటక సంగీతం, కూచిపూడి, తెలుగు చదవడం, వీణ, శ్లోకాలు నేర్పించడానికి ఊరిలోని గురువులను వెతుక్కుంటున్నాయి. ఇక్కడ ఉదయం 6 గంటలంటే న్యూయార్క్‌లో వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. తెల్లవారుజామున రెండు గంటలు పాఠం చెప్పుకొని, మిగతా రోజంతా తమ ఇంటికీ పొలానికీ ఉంచుకునే గురువులు ఉన్నారు. విశ్వవిద్యాలయ పట్టా ఎవరూ అడగరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడుగుతారు. మధ్యలో దళారీ లేడు, తల్లిదండ్రులే నేరుగా చెల్లిస్తారు. అందుకే విజయనగరంలో కూర్చున్న గాయని కూడా తన ధర తాను చెప్పగలుగుతుంది.

లెక్కలు వచ్చినవారికి టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మరో దారి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక అందులో నమోదైన చిన్న దుకాణానికి కూడా లెక్కలు తప్పనిసరయ్యాయి. నమోదైన జీఎస్టీ ప్రాక్టీషనర్ కావాలంటే డిగ్రీ వంటి అర్హతలు అడుగుతారు గానీ, బిల్లులు ఎక్కించి, ఖాతాలు సరిచూసే పనికి ఆ నిబంధన లేదు. నెలనెలా దాఖలు చేసేవారికి అమ్మకాల వివరాలు 11వ తేదీకి, పన్ను రిటర్ను 20వ తేదీకి వెళ్ళాలి. కాబట్టి ఈ పనిలో సౌలభ్యం కూడా ఆ తేదీల చుట్టూనే తిరుగుతుంది. నెలాఖరులో ఊపిరి పీల్చుకోవచ్చు. 8 నుంచి 20 వరకు పెళ్ళికి వెళ్ళాలన్నా కష్టమే. పది దుకాణాల నమ్మకం సంపాదించినవారికి నెలవారీ ఆదాయం స్థిరపడుతుంది. ఆ నమ్మకమే ఇందులో అసలు సర్టిఫికెట్.

మగ్గం, వంటిల్లు, కెమెరా

ఇంటి ఉపాధి అంటే కంప్యూటరే అనుకుంటే తెలుగు ఊళ్ళలో కళ్ళెదుట ఉన్నవి వదిలేసినట్టే. పెళ్ళిళ్ళ కాలంలో మగ్గం వర్కు జాకెట్టుకు ఉన్న గిరాకీ చూడండి. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, ఆరీ సూదితో జర్దోసీ, పూసలు, కుందన్లు కుట్టే ఈ పనికి జాకెట్టుకు వేల రూపాయలు పలుకుతాయి. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, చేయి కుదరడానికి ఇంకా ఎక్కువ. ఇక్కడా అదే సూత్రం: బొటిక్కు కోసం ముక్క కూలికి కుట్టేవారికి తక్కువ, పెళ్ళికూతురితో నేరుగా మాట్లాడి డిజైన్ చెప్పేవారికి ఎక్కువ. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు ఈ దూరాన్ని తగ్గించాయి. 2015లో మొదలైన ఆన్‌లైన్ వేదిక మీషో, తొలి ఏళ్ళలో ఇంట్లో ఉండి వాట్సాప్ ద్వారా చీరలు అమ్మే స్త్రీలమీదే ఎదిగింది. తర్వాత అది నేరుగా కొనుగోలుదారులవైపు మళ్ళింది. వేదిక దారి మార్చుకున్నప్పుడు, సొంతంగా ఖాతాదారుల ఫోను నంబర్లు ఉన్నవారు నిలబడ్డారు.

గోదావరి జిల్లాల ఆవకాయ, గోంగూర పచ్చడి, ఆత్రేయపురం పూతరేకులు ఇప్పుడు పార్సిళ్ళలో డల్లాస్ దాకా పోతున్నాయి. ఇంట్లో వండి అమ్మేవారికి కూడా 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు ఉండాలి. ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది. దానివల్ల బ్యాంకు రుణం అడగడం సులువవుతుంది. సేవలు అమ్మేవారు ఏడాదికి 20 లక్షల రూపాయల వ్యాపారం దాకా జీఎస్టీ నమోదు అవసరం లేకుండా సాగవచ్చు.

వీడియోల దారి అందరికీ తెలిసిందే, అందరూ లెక్క వేయనిదీ అదే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ ప్రారంభించారు. కూలి పనులు చేసుకుంటూ బతికిన గంగవ్వ ఆ వీడియోల్లో తన సహజమైన మాటతో ఇంటింటికీ తెలిసిన మనిషయ్యారు. 2020లో బిగ్‌బాస్‌కు వెళ్ళారు. అంతకుముందే నూరేళ్ళు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వంటలు చేసి మస్తానమ్మ ప్రపంచానికి పరిచయమయ్యారు; ఆమె 2018లో కన్నుమూశారు. ఇద్దరి వెనుకా కెమెరా, ఎడిటింగ్ తెలిసిన ఇంటి మనుషులున్నారు. ప్రకటనల ఆదాయం పూర్తిస్థాయిలో రావాలంటే యూట్యూబ్‌లో 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు. ఆ తర్వాత నిడివైన వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం వాటా ఇస్తుంది. తెలుగు వీడియోలకు ప్రకటనల ధర ఇంగ్లీషు వీడియోలకన్నా తక్కువ. అందువల్ల చానెల్ పెట్టి ఏళ్ళు ఎదురుచూడడం కంటే, ఉన్న చానెళ్ళకు ఎడిటింగ్, తంబ్‌నెయిళ్ళు చేసిపెట్టడం త్వరగా డబ్బు తెచ్చే పని.

పూర్తిగా ఇంట్లోనే కాకపోయినా వేళలు చేతిలో ఉండే పనుల్లో బీమా ఏజెన్సీ పాతది. 2024 డిసెంబరు 9న ఎల్ఐసీ ప్రారంభించిన బీమా సఖి పథకంలో పదో తరగతి పాసైన 18–70 ఏళ్ళ స్త్రీలకు మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయలు స్టైపెండ్ ఉంది, కమీషన్ దీనికి అదనం. షరతులున్నాయి: మొదటి ఏడాది చేయించిన పాలసీల్లో కనీసం 65 శాతం మరుసటి ఏడాదికి కొనసాగుతుండాలి. బంధువుల మొహమాటంతో కట్టించిన పాలసీలు ఆ లెక్కలో నిలవవు.

ఉద్యోగం పేరిట దోపిడీ

ఇంటి పని వెతికేవారి అవసరమే ఒక నేరవ్యవస్థకు ఆహారమైంది. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఒక్క కేసులోనే 712 కోట్ల రూపాయలు దారి మళ్ళాయి. దాదాపు 15,000 మంది మోసపోయారు. పద్ధతి ఇది. పార్ట్‌టైమ్ పని ఉందంటూ వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో సందేశం వస్తుంది. వీడియోలకు లైక్ కొట్టడం, హోటళ్ళకు ఐదు నక్షత్రాల రేటింగ్ ఇవ్వడమే పని. మొదట కొన్ని వందల రూపాయలు నిజంగానే ఖాతాలో పడతాయి. తర్వాత ‘ముందు కొంత కడితే ఎక్కువ లాభం’ అంటారు. తెరమీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే పన్ను కట్టమంటారు, మరో టాస్క్ పూర్తిచేయమంటారు. అలా కట్టినవారిలో చదువుకున్నవారు, మంచి ఉద్యోగాల్లో ఉన్నవారు కూడా ఉన్నారు. అందువల్ల మోసపోయినవారిని ఇంట్లోవాళ్ళు అమాయకులని తిట్టడం అన్యాయం. ఆ సిగ్గుతోనే చాలామంది ఫిర్యాదు చేయరు. 2023 డిసెంబరులో కేంద్ర హోంశాఖ సిఫారసుపై ఇలాంటి 100కు పైగా వెబ్‌సైట్లను నిలిపివేశారు.

డేటా ఎంట్రీ మోసం ఇంకో రకం. ఒప్పందం మీద సంతకం పెట్టించుకొని, అసాధ్యమైన గడువు, తప్పుల పరిమితి పెట్టి, చివరికి ‘లీగల్ నోటీసు’ అంటూ బెదిరించి డబ్బు గుంజుతారు. ఆ కాగితం చూసి భయపడి కట్టవలసిన పనిలేదు, పోలీసులకు చూపాలి. బ్యాంకు ఖాతా అద్దెకిస్తే కమీషన్ అనే ఆశ అన్నిటికన్నా ప్రమాదం. దోచిన డబ్బు ఆ ఖాతా గుండా వెళ్ళినప్పుడు ముందు పట్టుబడేది ఖాతాదారే. నిజమైన యజమాని పని ఇవ్వడానికి డబ్బు అడగడు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేస్తే, అది వేరే ఖాతాలకు పూర్తిగా పారిపోకముందే కొంతైనా ఆపే అవకాశం ఉంటుంది. అందుకే మొదటి గంట చాలా కీలకం.

చట్టం ఎంతదూరం వచ్చింది

పని ఇంట్లో జరిగితే చేసేవారు కార్మికులా, సొంత వ్యాపారులా? ఈ ప్రశ్నకు ఒక ముఖ్యమైన జవాబు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే వచ్చింది. సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దర్జీలకు ముక్క కూలి, వేళల నిర్బంధం లేదు, కొందరు గుడ్డ ఇంటికి తీసుకెళ్ళి కుట్టేవారు. కాబట్టి వీళ్ళు ఉద్యోగులు కారని యజమాని వాదన. కుట్టింది బాగాలేదని తిరస్కరించి మళ్ళీ కుట్టమనే హక్కు యజమానికి ఉన్నప్పుడు అజమాయిషీ ఉన్నట్టేనని కోర్టు భావించి, వారిని ఉద్యోగులుగానే గుర్తించింది. ఒక్క నొక్కుతో పనిని తిరస్కరించే నేటి ప్లాట్‌ఫాంలకు ఈ తర్కం ఎంతవరకు వర్తిస్తుందన్నది చర్చించదగ్గ విషయం.

దేశంలో 2020–21లో గిగ్ కార్మికులు 77 లక్షల మంది ఉన్నారని, 2029–30 నాటికి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. గిగ్ కార్మికులు, ప్లాట్‌ఫాం కార్మికులతో పాటు ఇంటి ఆధారిత కార్మికులకూ అందులో నిర్వచనం ఉంది; అగ్రిగేటర్ సంస్థలు వార్షిక టర్నోవర్‌లో 1–2 శాతం సామాజిక భద్రత నిధికి ఇవ్వాలి. అదే రోజున అమల్లోకి వచ్చిన మరో కోడ్‌లో 1966 బీడీ చట్టం కలిసిపోయింది. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో లేసు అల్లేవారు, ఇంట్లో కుట్టేవారు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు.

నమోదు వేరు, కూలి వేరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంట్లో కూర్చొని యజమాని కోసం పనిచేసేవారికి వేతనంలో, సామాజిక భద్రతలో, సంఘం పెట్టుకునే హక్కులో మిగతా కార్మికులతో సమాన గౌరవం ఉండాలన్నది దాని సారం. భారత్ దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. నరసాపురం లేసు కార్మికురాలికీ, ఫోనులో తెలుగు వాక్యాలు చదివి యంత్రానికి నేర్పే అమ్మాయికీ, ధ్రువీకరిస్తే, ఆ ఒప్పందంలోని నిబంధనలు ఒకేలా వర్తించే వీలుంది.